కార్డు, కట్, కప్పు: అదితి అశోక్ కెరీర్‌ని చదవడం ఎలా

2021 ఆగస్టు 7, శనివారం. గోదావరి జిల్లాల్లో ఇంకా తెల్లారకముందే టోక్యో ఒలింపిక్స్ మహిళల గోల్ఫ్ ఆఖరి రౌండు మొదలైపోయింది. ముందురోజు దాకా ఆ ఆట వంక కన్నెత్తి చూడనివాళ్లు కూడా ఆ పొద్దున టీవీ దానికే పెట్టారు. బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ రెండో స్థానంలో ఉందన్న కబురు అప్పటికే ఫోన్లలో తిరిగింది మరి. టిఫిన్ల వేళ దాటేసరికి అంతా అయిపోయింది: నాలుగో స్థానం, పతకానికి ఒక్క స్ట్రోకు (బంతిని ఒకసారి కొట్టడం) దూరం. సాయంత్రం నీరజ్ చోప్రా ఈటె బంగారం తెచ్చేసరికి పొద్దుటి గోల్ఫ్ మరుగున పడింది.

అమలాపురం నుంచి సాత్విక్ సాయిరాజ్ ఎదిగాక ఈ ప్రాంతంలో బ్యాడ్మింటన్ స్కోరు చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. నెట్టుకి అవతల మనిషి, 21 పాయింట్లు, మూడింట రెండు గేములు. గోల్ఫ్‌లో ఎదుటివాడే కనబడడు. పైగా తక్కువ అంకె ఉన్నవాళ్లది గెలుపు. అందుకే అదితి గురించి పేపర్లలో వచ్చే ముక్కలు ఒకదానికొకటి పొసగనట్టుంటాయి. ప్రపంచ ర్యాంకు 200 ఉన్న మనిషి ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి ఎలా వచ్చింది? అమెరికాలో మహిళా ప్రొఫెషనల్స్ ఆడే టోర్నీల వరస ఎల్‌పీజీఏ టూర్‌లో ఒక్క టైటిలూ లేకుండా ఏళ్ల తరబడి అక్కడ ఎలా నిలదొక్కుకుంది? హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఏడు స్ట్రోకుల ఆధిక్యం ఒక్క పూటలో ఎలా కరిగిపోయింది?

ట్రోఫీల జాబితా ముందేసుకుని కూర్చుంటే ఈ మూడింట్లో దేనికీ జవాబు తేలదు. ముందు స్కోరు, తర్వాత పచ్చిక, ఆ తర్వాత కార్డు (టూర్‌లో ఆడే హక్కు), ఈ వరసలో చూడాలి.

గజాల లెక్క

స్థలాలు కొనేటప్పుడు మనం అనే గజం చదరపు గజం. గోల్ఫ్‌లో గజం నిడివి కొలత, అంటే మూడడుగులు. మహిళల ప్రొఫెషనల్ టోర్నీల్లో 18 హోల్స్ (ఒక్కో హోల్ అంటే టీ అనే తొలిదెబ్బ చోటు నుంచి కప్పు అనే గుంట దాకా సాగే దారి) కలిపి కోర్సు పొడవు 6,400 నుంచి 6,600 గజాల మధ్య ఉంటుంది, దాదాపు ఆరు కిలోమీటర్లు. ధవళేశ్వరం బ్యారేజీ నాలుగు ముక్కలూ కలిపినా మూడున్నర కిలోమీటర్ల పైచిలుకే. ఆ ఆరు కిలోమీటర్లనీ, మధ్యలో హోల్‌కీ హోల్‌కీ నడిచే దూరాన్ని కలుపుకుని, వరసగా నాలుగు రోజులు నడుస్తూ ఆడాలి.

ప్రతి హోల్‌కీ ఒక పార్ ఉంటుంది. బంతి గ్రీన్ (కప్పు చుట్టూ దగ్గరగా కత్తిరించిన పచ్చిక) మీదకి చేరడానికి పట్టవలసిన స్ట్రోకులు, వాటికి రెండు పట్‌లు (గ్రీన్ మీద బంతిని కప్పువైపు తోసే దెబ్బలు) కలిపితే పార్. పార్-4 అంటే రెండు దెబ్బల్లో గ్రీన్, అక్కడ రెండు పట్‌లు. పార్‌కి ఒకటి తక్కువైతే బర్డీ, ఒకటి ఎక్కువైతే బోగీ. ఈ నిర్వచనంలోనే ఆట గుట్టు దాగుంది. 18 హోల్స్‌కి రెండేసి పట్‌ల చొప్పున 36. పార్ 72 అయితే అందులో సరిగ్గా సగం, దగ్గరగా కత్తిరించిన ఆ కాస్త పచ్చిక మీదే ఖర్చవుతుందని కోర్సు గీసినవాళ్లే ఒప్పుకున్నారన్నమాట. 250 గజాలు ఎగిరిన డ్రైవ్‌కీ, జానెడు దూరం నుంచి తోసిన పట్‌కీ స్కోర్‌కార్డులో ఒకటే విలువ.

టోక్యోలో ఆడిన కసుమిగసెకి కోర్సు పార్ 71. నాలుగు రౌండ్లకి 284. అదితి ఆడింది 67, 66, 68, 68, మొత్తం 269. పార్‌కి 15 తక్కువ, టీవీలో మైనస్ 15 అని చూపింది దాన్నే. స్వర్ణం గెలిచిన నెల్లీ కోర్డా 267. మోనే ఇనామి, లిడియా కో చెరో 268తో సమంగా నిలిస్తే ప్లేఆఫ్‌లో ఇనామికి రజతం, కోకి కాంస్యం దక్కాయి. నాలుగు రోజులు, 270 స్ట్రోకుల దరిదాపు. స్వర్ణానికీ నాలుగో స్థానానికీ తేడా రెండు. ఆఖరి హోల్‌లో అదితి బర్డీ పట్ పడి ఉంటే తనూ ప్లేఆఫ్‌లో ఉండేది. పడలేదు.

మూడు మిల్లీమీటర్ల గరిక

అదితి దూరంగా కొట్టే ఆటగత్తె కాదు. కోర్డాలాంటివారితో పోలిస్తే టీ నుంచి 20–30 గజాలు వెనక ఉంటుంది. ఒలింపిక్స్‌కి రెండు మూడు నెలల ముందు కోవిడ్ సోకడంతో ఆమె కొట్టే దూరం ఇంకాస్త తగ్గింది. ఈ గజాలు ఎక్కడ కొరుకుతాయో ఒక హోల్ తీసుకుని చూద్దాం. 390 గజాల పార్-4. ఒకరు 260 కొడితే మిగిలేది 130. మహిళా ప్రొఫెషనల్‌కి అది సుమారుగా ఎనిమిదో నంబరు ఐరన్ అనే క్లబ్బు. ఇంకొకరు 235 కొడితే మిగిలేది 155. ఆరో ఐరనో, హైబ్రిడ్డో (దూరం కొట్టడానికి వాడే మరో రకం క్లబ్బు) తీయాలి. ఎనిమిదో ఐరన్ ముఖం ఎక్కువ వాలుగా ఉంటుంది. బంతి ఎత్తుకి లేచి, నిట్టనిలువుగా దిగి, పడ్డచోటే దాదాపుగా ఆగుతుంది. హైబ్రిడ్‌తో వెళ్లిన బంతి చదునుగా వచ్చి గ్రీన్ మీద పొర్లుతుంది. కప్పుని చూపే జెండా గ్రీన్ ముందుభాగంలో, ఇసుక గుంట వెనకే పెట్టి ఉంటే రెండోవారు జెండాకి గురిపెట్టే సాహసం చేయలేరు, గ్రీన్ మధ్యకి కొట్టి 30 అడుగుల పట్ మిగుల్చుకోవాలి. ఇలా రోజుకి పది పన్నెండు హోల్స్.

ఆ లోటు భర్తీ అయ్యేది పట్‌లకి వాడే క్లబ్బు, పటర్‌తోనే. దీన్ని కొలవడానికి మార్క్ బ్రోడీ అనే కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ ఒక లెక్క కట్టాడు. పేరు ‘స్ట్రోక్స్ గెయిన్డ్’. పురుషుల టూర్ 2011లో దాన్ని అందుకుంది, మహిళల టూర్‌కి వచ్చేసరికి 2021 అయింది. లెక్క పైకి గంభీరంగా ఉంటుంది కానీ సూత్రం తేలిక. ఎనిమిది అడుగుల నుంచి టూర్ ఆటగాళ్లు సగంసార్లు ఒక్క పట్‌లో వేస్తారు, సగంసార్లు రెండు పడతాయి, సగటు 1.5. ఒక్కదాన్లో వేసినవారికి అరస్ట్రోకు లాభం, రెండు తీసుకున్నవారికి అరస్ట్రోకు నష్టం. 33 అడుగుల నుంచి సగటు 2. అక్కడ రెండు పట్‌లు తీసుకుంటే లాభనష్టాలు లేవు, ఒక్కదాన్లో వేస్తే ఏకంగా ఒకటి లాభం. ఇవి పురుషుల టూర్ అంకెలు. పట్‌లు ఎన్నో లెక్కపెడితే ఎవరు బాగా పట్ చేశారో తెలియదు, ఎంత దూరం నుంచి వేశారో కూడా తెలియాలి అన్నదే దీని సారం. టోక్యోలో అదితిని మూడు రోజులపాటు రెండో స్థానంలో నిలబెట్టింది ఈ ఖాతాలో పోగేసిన అరలూ పావులే.

కప్పు వ్యాసం 108 మిల్లీమీటర్లు, బంతి వ్యాసం 42.67కి తగ్గకూడదు. మెల్లగా చేరే బంతి అయితే కప్పు మధ్య నుంచి అటు 54, ఇటు 54 మిల్లీమీటర్ల వెసులుబాటు. మూడడుగుల నుంచి ఇది మూడు డిగ్రీల పైచిలుకు తప్పుని మన్నిస్తుంది. ఆరడుగుల నుంచి 1.7 డిగ్రీలు. పదడుగుల నుంచి ఒక్క డిగ్రీ. అది కూడా నేల చదునుగా ఉంటేనే. బంతి ఏ దిక్కుకి బయల్దేరుతుందో ఎక్కువ పాళ్లు నిర్ణయించేది తగిలే క్షణంలో పటర్ ముఖం ఎటు తిరిగి ఉందన్నదే, చేతులు ఊగిన దారి పాత్ర కొద్దిగానే. ఇక వేగం పెంచితే కప్పే ఇరుకైపోతుంది: అంచుకి తగిలిన బంతి లోపలికి పడే తీరిక లేక చుట్టి బయటికొస్తుంది. మెల్లగా పంపితే వాలు లాగేస్తుంది. ఒక్కో పట్‌కీ ఈ రెంటి మధ్య బేరం.

వేడి దేశాల గ్రీన్‌ల మీద ఉండే బెర్ముడా గడ్డి మనకి పరాయిది కాదు. వినాయక చవితి పత్రిలో పెట్టే గరికే, శాస్త్రనామం సైనోడాన్ డాక్టిలాన్. గట్ల మీద పాకి చేలోకి దిగుతోందని రైతు తిట్టుకునేదీ అదే. గ్రీన్‌లకి దాని సంకర రకాలు వాడి, మూడు మిల్లీమీటర్ల ఎత్తుకి కత్తిరిస్తారు. గరిక నిలువుగా పెరగదు, ఒకవైపుకి పాకుతుంది. ఆ వాలుకి అనుగుణంగా వెళ్లే బంతి జోరుగా పోతుంది, ఎదురెళ్లే బంతి పట్టుకున్నట్టు ఆగుతుంది. అది తెలుసుకోవడానికి కేడీలు (ఆటగత్తెల బ్యాగు మోసే సహాయకులు) రెండు పనులు చేస్తారు. గ్రీన్ మీద చూపు ఆనించి, మెరుస్తూ కనబడితే గడ్డి మననుంచి అవతలికి పాకుతోందనీ, ముదురాకుపచ్చగా ఉంటే మనవైపుకనీ గుర్తిస్తారు. తర్వాత కప్పు అంచు చుట్టూ చూస్తారు. ఏ పక్క అంచు చిరిగినట్టు, గోధుమరంగుగా ఉంటే గడ్డి ఆ పక్కకి పాకుతున్నట్టు. రియో ఒలింపిక్స్‌లో అదితి బ్యాగు మోసింది తండ్రి అశోక్, టోక్యోలో తల్లి మహేశ్వరి. అమ్మ సంచి మోసిందని పేపర్లు ముచ్చటగా రాశాయి గానీ, కేడీ చేసే పని సంచి మోయడం ఒక్కటే కాదు. గజాలు లెక్కగట్టాలి, గాలి చూడాలి, 14 క్లబ్బులకి మించకుండా చూసుకోవాలి. పదిహేనోది ఉంటే అది బ్యాగులో ఉన్న ఒక్కో హోల్‌కీ రెండు స్ట్రోకులు, ఎంత ఎక్కువైనా రౌండుకి నాలుగు, జరిమానా.

కౌలు లాంటి కార్డు

కెరీర్ అంటే టైటిళ్లే అనుకుంటే అదితి చరిత్ర ఐదు వాక్యాల్లో అయిపోతుంది. 2016 నవంబరులో గురుగ్రామ్‌లో హీరో విమెన్స్ ఇండియన్ ఓపెన్, మూడు రౌండ్లలో 213తో ఒక్క స్ట్రోకు తేడాతో. లేడీస్ యూరోపియన్ టూర్‌లో టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలు అయింది. అదే నెలలో ఖతార్ లేడీస్ ఓపెన్. 2017లో అబూ ధాబీలో ఫాతిమా బింత్ ముబారక్ ఓపెన్. 2023 ఫిబ్రవరిలో కెన్యా ఓపెన్, ఈసారి ఏకంగా తొమ్మిది స్ట్రోకుల తేడాతో. అదే ఏడాది చివర్లో స్పెయిన్ ఓపెన్.

మరి 2017కీ 2023కీ మధ్య ఐదేళ్లు? ఆ ఐదేళ్లూ కార్డు నిలుపుకోవడంలో గడిచాయి. డెల్టాలో సగం మందికి ఇది చిటికెలో అర్థమవుతుంది, టూర్ కార్డు అచ్చంగా కౌలు. పొలం మనది కాదు, సాగుచేసే హక్కు ఏడాదికి మాత్రమే. పంట పండినా ఎండినా మక్తా కట్టాలి. సరిగ్గా పండించకపోతే వచ్చే ఏడు ఆ చెక్క ఇంకొకరి చేతికి పోతుంది.

ఆ హక్కు మొదట సంపాదించే చోటు క్వాలిఫయింగ్ స్కూలు. స్కూలంటే పాఠాలేమీ ఉండవు, వడపోత టోర్నీ. అదితి 2015 డిసెంబరులో మొరాకోలో జరిగిన లల్లా ఐచా టూర్ స్కూల్ గెలిచింది, అప్పటికి 17 ఏళ్లు. అది గెలిచిన తొలి భారతీయురాలు. 2016 జనవరి 1న ప్రొఫెషనల్‌గా మారి, ఆ ఏడాదే రెండు టైటిళ్లు, యూరోపియన్ టూర్ రూకీ ఆఫ్ ద ఇయర్ (ఏటి మేటి కొత్త ఆటగత్తె), ఆర్డర్ ఆఫ్ మెరిట్‌లో (సీజన్ పట్టికలో) రెండో స్థానం. 2017 నుంచి అమెరికా టూర్. అంతకు చాలా ముందే, 1990లలో, స్మృతి మెహ్రా అక్కడ ఆడిన తొలి భారతీయురాలిగా దారి తీసింది.

ఎల్‌పీజీఏ కార్డుల్లో అందరివీ ఒకటి కావు. టోర్నీల్లో వచ్చిన స్థానాలని బట్టి ఏడాది పొడవునా సీఎమ్ఈ పాయింట్లు పోగవుతాయి. మొదటి 60 మంది సీజన్ చివరి టూర్ ఛాంపియన్‌షిప్‌కి వెళ్తారు. మొదటి 80లో ఉన్నవారికి మరుసటి ఏడు గట్టి హక్కు. 81 నుంచి 100 దాకా ఉన్నవారికి కింది తరగతి. ఇక్కడ కౌలు పోలిక చాలదు, దాళ్వా నీటి వంతు గుర్తు తెచ్చుకోవాలి. కాలవ పైభాగంలో ఉన్నవారికి నీరు ముందు అందుతుంది, శివారు భూములకి మిగిలితేనే. టోర్నీలో చోట్లు నిండేకొద్దీ కింది తరగతి ఆటగత్తెలు ఫోను చూసుకుంటూ కూర్చుంటారు, ఎవరైనా తప్పుకుంటే తమ వంతు వస్తుందేమోనని. టికెట్ ముందే కొనుక్కోలేరు, ఆఖరి నిమిషంలో కొంటే రెట్టింపు.

చోటు దొరికాక కట్ గండం. రెండు రౌండ్లయ్యాక మొదటి 65 స్థానాలు, వాటితో సమానంగా ఉన్నవారు మాత్రమే శని, ఆదివారాలు ఆడతారు. మిగిలిన సగం పైచిలుకు మంది శుక్రవారం సాయంత్రం బ్యాగు సర్దుకోవాలి. మామూలు టోర్నీల్లో వాళ్లకి ప్రైజ్‌మనీ సున్నా. విమానం, హోటల్, కేడీ వారపు జీతం మాత్రం తప్పవు. కట్ దాటి అడుగున నిలిచినవారికి అందేది ఆ వారం ఖర్చులకి బొటాబొటీ. విజేతకి మాత్రం మొత్తం ప్రైజ్‌మనీలో సుమారు 15 శాతం: 30 లక్షల డాలర్ల టోర్నీ అయితే నాలుగున్నర లక్షలు. గెలుపులో పదో వంతు కేడీకి ఇవ్వడం ఆనవాయితీ. పైవరసకీ కిందివరసకీ అగాధం ఎంతంటే, 2024 సీజన్ చివరి టోర్నీ ఒక్కటి గెలిచినందుకు థాయ్‌లాండ్ అమ్మాయి జీనో థిటికుల్‌కి 40 లక్షల డాలర్లు దక్కాయి.

అందుకే అదితి కెరీర్‌లో టైటిల్ కన్నా బరువైన వారం ఒకటుందని మా లెక్క. 2023 ఏప్రిల్, లాస్ ఏంజెలస్‌లో జేఎమ్ ఈగల్ టోర్నీ. హానా గ్రీన్, లిన్ షియూలతో సమంగా ముగించి ప్లేఆఫ్‌లో ఓడిపోయింది. జాబితాలో దానికి చోటు లేదు. కానీ అక్కడి రెండో స్థానం తెచ్చే పాయింట్లు ఒక సీజన్ కార్డుకి ఊపిరి.

రెండువందల ర్యాంకు మతలబు

మహిళల గోల్ఫ్ ప్రపంచ ర్యాంకు, అంటే రోలెక్స్ ర్యాంకింగ్, రెండేళ్ల సగటు. 104 వారాల్లో తెచ్చుకున్న పాయింట్లని ఆడిన టోర్నీల సంఖ్యతో భాగిస్తారు. ఆడినవి 35 కన్నా తక్కువైనా 35తోనే భాగించాలి. ఆఖరి 13 వారాల పాయింట్లకి పూర్తి విలువ, ఆ తర్వాత మిగిలిన 91 వారాల్లో వారం వారం సమానంగా అరుగుతూ సున్నాకి చేరుతుంది. రెండేళ్ల కిందటి పంట గాదెలో ఎంతున్నా లెక్కకి రాదు. ఒక టోర్నీకి ఎన్ని పాయింట్లన్నది అందులో ఎంతటి గట్టివాళ్లు ఆడుతున్నారన్నదాన్నిబట్టి ఉంటుంది కాబట్టి, యూరప్‌లో గెలుపు తెచ్చే పాయింట్లు అమెరికాలో గెలుపు ముందు తేలిపోతాయి. కట్‌లు తప్పుతూ ఎక్కువ టోర్నీలు ఆడితే భాజకం పెరిగి సగటు పడిపోతుంది. అలా 200.

ఆ ర్యాంకుతో ఒలింపిక్స్‌కి ఎలా? ఒలింపిక్ గోల్ఫ్‌లో 60 మందే. మొదటి 15 ర్యాంకుల్లో ఉన్నవారికి దేశానికి నలుగురి దాకా చోటు, ఆ తర్వాత దేశానికి ఇద్దరే. కొరియా, అమెరికా అమ్మాయిల్లో ఎందరో ఈ గీతకి అవతల ఉండిపోతారు, వరస కిందికి జరుగుతూ 200 దాకా వస్తుంది. పైగా అక్కడ కట్ లేదు, నాలుగు రౌండ్లూ అందరికీ. ర్యాంకు తెచ్చుకున్నది ఒక ఆట, కసుమిగసెకిలో ఆ నాలుగు రోజులు ఆడింది ఇంకో ఆట. రియోలో ఆమె 41వ స్థానం, పారిస్‌లో 29వ స్థానం పంచుకుంది. టోక్యో, పారిస్‌లలో ఆమెతోపాటు ఆడిన దీక్షా డాగర్ వినికిడి లోపంతో పుట్టిన ఎడమచేతి ఆటగత్తె, డెఫ్లింపిక్స్ స్వర్ణ విజేత, యూరోపియన్ టూర్‌లో రెండు టైటిళ్లున్న మనిషి. ఆమె గురించి మన పేపర్లు రాసింది మరీ తక్కువ.

హాంగ్‌జౌలో ఏం జరిగింది

2023 ఆసియా క్రీడలు. పార్ 72. మూడు రోజుల్లో 67, 66, 61. మూడో రోజు 61 అంటే పార్‌కి పదకొండు తక్కువ. అలాంటి రౌండ్లు ప్రొఫెషనల్స్‌కి కూడా ఏళ్లకోసారి పడతాయి. మూడు రోజుల మొత్తం 194, ఏడు స్ట్రోకుల ఆధిక్యం. ఆఖరి రోజు 77. మొత్తం 271. థాయ్‌లాండ్ ఆటగత్తె అర్పిచాయా యూబోల్ 269తో స్వర్ణం తీసుకుంది.

ఒక్క కూడిక చేసి చూడండి. చివరి రోజు మామూలు పార్ 72 ఆడి ఉంటే 266, మూడు స్ట్రోకులతో స్వర్ణం. 74 ఆడినా 268, అప్పుడూ స్వర్ణమే. అంతటి వెసులుబాటు ఎలా పోయిందనేదానికి ‘ఒత్తిడి’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు గానీ, అది సగం జవాబే. కబడ్డీలో ఆధిక్యం ఉన్నవారు కాలం గడపవచ్చు. క్రికెట్‌లో బంతిని ఆపుకోవచ్చు. గోల్ఫ్‌లో ఆధిక్యాన్ని కాపాడుకునే ఆట అంటూ ఏదీ లేదు, 18 హోల్స్ పూర్తిగా ఆడి తీరాలి, ఎదుటివారిని ఆపే వీలు అసలే లేదు. జాగ్రత్త పడితే చెయ్యి బిగుసుకుంటుంది. పిడికిలి బిగిస్తే మణికట్టు తిరగదు, క్లబ్బు ముఖం తెరుచుకుని బంతి కుడికి జారుతుంది. పట్‌లో బిగువు వస్తే వేగం చచ్చి బంతి కప్పు ముందే ఆగుతుంది. దానికితోడు 61 తర్వాతి రౌండు దాదాపు ఎప్పుడూ బరువుగానే ఉంటుంది, ఎందుకంటే 61లో ఆటతోపాటు కొంత అదృష్టం కూడా ఉంటుంది, అది రెండో రోజుకి బదిలీ కాదు. ఆ రజతం ఆసియా క్రీడల గోల్ఫ్‌లో భారత మహిళలకి మొదటి పతకం. బంగారం పోయిందన్న బాధలో ఈ సంగతి మరుగున పడింది.

పైమెట్టు ఎంత ఎత్తు

ఛాంపియన్ అన్న మాటకి మహిళల గోల్ఫ్‌లో రాతపూర్వకమైన కొలత ఉంది: ఎల్‌పీజీఏ హాల్ ఆఫ్ ఫేమ్, 27 పాయింట్లు. మామూలు టైటిల్‌కి ఒకటి, మేజర్‌కి (అన్నిటికన్నా పెద్ద టోర్నీల్లో ఒకదానికి) రెండు. ప్లేయర్ ఆఫ్ ద ఇయర్‌కి ఒకటి. ఏడాదిలో అతి తక్కువ సగటు స్కోరుకిచ్చే వేర్ ట్రోఫీకి ఒకటి. 2022 నుంచి ఒలింపిక్ స్వర్ణానికి కూడా ఒకటి. ఎవరో ఓటు వేసి ఎక్కించేది కాదు, లెక్క సరిపోతే తలుపు తెరుచుకుంటుంది.

లిడియా కో లెక్క వేసి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. 2024 జనవరికి 20 టైటిళ్లు, అందులో రెండు మేజర్లు, అంటే 22. ప్లేయర్ ఆఫ్ ద ఇయర్ రెండుసార్లు, 24. వేర్ ట్రోఫీ రెండుసార్లు, 26. అక్కడ ఆగింది. ఆగస్టులో పారిస్ స్వర్ణం, 27. అప్పటికి ఆమె వయసు కూడా 27. రియోలో రజతం, టోక్యోలో కాంస్యం ముందే ఉన్నాయి గనక మూడు రంగులూ నిండాయి. ఈ గీత నిటారుగా ఎక్కిందేమీ కాదు. 15 ఏళ్లకి తొలి ఎల్‌పీజీఏ టైటిల్, 17 ఏళ్లకి ప్రపంచ నంబర్ వన్, 18 ఏళ్లకి ఎవియాన్ టోర్నీతో తొలి మేజర్. ఆ తర్వాత కోచ్, క్లబ్బులు, కేడీ అన్నీ మారాయి. 2018 ఏప్రిల్ తర్వాత మళ్లీ గెలవడానికి దాదాపు మూడేళ్లు పట్టింది. అనికా సోరెన్‌స్టామ్‌ది ఇంకో కొలత: 72 టైటిళ్లు, 10 మేజర్లు, 2001లో ఒక రౌండు 59, 38 ఏళ్లకే విరామం.

డెల్టాలో మొదలుపెట్టాలంటే

గోదావరి డెల్టాలో గోల్ఫ్ కోర్సు ఎందుకు లేదన్న ప్రశ్నకి డబ్బు ఒక్కటే జవాబు కాదు. 18 హోల్స్‌కి 100 నుంచి 150 ఎకరాలు ఒకే చెక్కగా కావాలి. రెండు పంటలు పండే మాగాణిలోనో, రొయ్యల చెరువుల మధ్యో అంత నేల దొరకడం ఒక ఎత్తు, నేల స్వభావం ఇంకో ఎత్తు. ఒండ్రు జిగట నీటిని వదలదు. అందుకే గ్రీన్ కట్టేటప్పుడు అడుగున పది సెంటీమీటర్ల కంకర, పైన ముప్ఫై సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం పరుస్తారు, కంకర కింద పైపులు వేస్తారు. మనదగ్గర రెండు మూడడుగులు తవ్వితే నీరు ఊరే ఊళ్లలో ఆ పైపుల నీరు ఎక్కడికి పోవాలి? గ్రీన్‌ని దిబ్బలా ఎత్తి కట్టుకోవాల్సిందే. ఉప్పునీరు ఎక్కిన సముద్రతీర మండలాల్లో గరిక కన్నా సీషోర్ పాస్పాలమ్ అనే గడ్డి నిలుస్తుంది, దానికి ఉప్పంటే అంత భయం లేదు.

కాబట్టి కోర్సు కావాలంటే విశాఖ ఈస్ట్ పాయింట్, లేదా హైదరాబాద్. రాజమహేంద్రవరం నుంచి విశాఖ రెండు వందల కిలోమీటర్లకి కొంచెం తక్కువ. నెలకి రెండుసార్లు వెళ్లిరాగలిగితే మిగతా రోజుల్లో ఇంటి దగ్గర చేయదగినవి రెండున్నాయి.

మొదటిది పట్. ఇంట్లో చదునైన చోట చాప పరిచి, తాపీమేస్త్రి వాడే దారాన్ని రెండు మేకులకి బిగించి, నేలకి జానెడు ఎత్తున ఆరడుగుల మేర లాగాలి. బంతి సరిగ్గా దారం కింద. పటర్ తలకి రెండు పక్కలా వేలెడు సందు వదిలి రెండు సీసా మూతలు నిలబెట్టాలి. మూతలు తగలకుండా ఊగాలి, బంతి దారం నీడలోనే వెళ్లాలి. పక్కకి పోతే ముఖం తిరిగిందని అర్థం. ఉత్త సిమెంటు గచ్చు మీద మాత్రం చేయొద్దు. బంతి మరీ జోరుగా పోయి, చెయ్యి భయపడి కొట్టడం అలవాటవుతుంది, అసలు గ్రీన్ మీద ప్రతి పట్ పొట్టిగా ఆగుతుంది.

రెండోది ఐరన్. కొబ్బరిపీచు చాప మీద కొడితే తప్పు తెలియదు: క్లబ్బు బంతికి వెనక నేలని తాకినా, చాప మీద జారి బంతిని అందుకుంటుంది, షాట్ బాగుందనిపిస్తుంది. గట్టి నేల అయితే మణికట్టు నొప్పి అదనం. అంతర్వేది తీరంలో పోటు తగ్గాక తడిగా, గట్టిగా ఉండే ఇసుక దీనికి మేలు, మనుషుల్లేని వేళ చూసుకోవాలి. మొదట బంతి కూడా వద్దు. ఇసుకలో క్లబ్బు కొనతో లక్ష్యానికి అడ్డంగా పొడుగ్గా గీత గీసి, గీత మీద బంతి ఉన్నట్టు అనుకుని ఊపాలి. ఇసుక గీత దగ్గర మొదలై, లక్ష్యం వైపు రెండు మూడంగుళాలు లేవాలి. గీతకి వెనక లేచిందంటే బరువు కుడికాలి మీదే ఉండిపోయింది. అసలు లేవకపోతే మోకాళ్లు సాగి, ఒళ్లు పైకి లేస్తోంది. గీత పొడవునా ఇరవైసార్లు కొట్టి, నిలబడి వెనక్కి చూస్తే ఏ తప్పు ఎక్కువో ఇసుకే చూపిస్తుంది. తర్వాతి అల వచ్చేలోగా ఫోనులో ఫొటో తీసుకోండి.